ఏడు మందుల వేలు

కడెం దాటాక, జన్నారం ఇంకా నాలుగైదు మైళ్లుందనగా పోలీసులు మా బస్సును ఆపారు. పందొమ్మిది వందల ఎనభై ఏడు, హోలీకి వారం ముందు. టేకు చెట్లు ఆకంతా రాల్చుకుని బోసిగా నిలబడి ఉన్నాయి. మధ్య మధ్య మోదుగలు ఎర్రగా పూసి ఉన్నాయి. ఆ రోజుల్లో ఆ అడవి దారిలో బస్సును ఆపడం వింతేమీ కాదు. ఆపకుండా వదిలేస్తేనే జనం ఒకరి మొఖం ఒకరు చూసుకునేవారు. అందరూ తమంతట తామే దిగి, మూటలు తామే విప్పుకుని వరసగా నిలబడ్డారు.

నా పక్క సీటులోని మనిషి మాత్రం దిగలేదు. నిర్మల్‌లో ఎక్కినప్పటి నుంచీ అతను నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. నేనే కాలు నిలవని మనిషిని. అరవై దాటినా ఒక ఊళ్లో వారం ఉంటే నాకు అరికాళ్లు దురద పెడతాయి. అలాంటి నాకే అతన్ని చూస్తే అలసట వచ్చింది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లుంటాయి. ఆకుపచ్చ దుప్పటిలో చుట్టిన పొడవాటి వస్తువొకటి ఒళ్లో పెట్టుకున్నాడు. దాన్ని ఒకసారి నిలబెడతాడు, ఒకసారి పడుకోబెడతాడు. పావుగంటకోసారి జేబులోంచి చిన్న సీసా తీసి కుడి చూపుడువేలికి నల్లటి నూనె రాసుకుంటాడు. మాడిన మెంతుల వాసన. ముందు సీటువాళ్లు రెండుసార్లు వెనక్కి తిరిగి నన్ను కోపంగా చూశారు, నూనె నాదేననుకుని.

“ఏయ్, ఎనుక సీటు! నీకు వేరే పిలుపు పంపాల్నా? దిగు.”

“గిది జర పొడుగున్నది సార్. దిగుతున్న.”

“ఏందది?” అన్నాడు కానిస్టేబుల్.

“గిటార్ సార్.”

“గింత పొడుగుంటదా గిటార్?”

“బేస్ గిటార్ సార్. గిది గింతే ఉంటది.”

నిర్మల్‌లో ఒకప్పుడు ఫిరంగులు పోసేవారని ఎక్కడో చదివాను. ఇప్పుడక్కడ తేలిక కొయ్యతో సీతాఫలాలూ జామపండ్లూ చేసి రంగులు వేస్తారు. ఆ ఊరి నుంచి వస్తున్న పొడవాటి మూటను చూసి కానిస్టేబుల్‌కు ఏ కాలం గుర్తొచ్చిందో గాని, రెండడుగులు దూరం జరిగి దుప్పటి విప్పించాడు. లోపల తేనెరంగు చెక్క, పొడవాటి మెడ, నాలుగు తీగలు.

“వాయించు, సూద్దాం.”

అతను వాయించాడు. దోమ పాటి చప్పుడు కూడా లేదు.

“సప్పుడేది?”

“దీనికి కరెంటు గావాలె సార్.”

“కరెంటుతోని వాయించేది తీస్కొని అడివిల తిరుగుతున్నవా?”

“తిరుగుతలేను సార్. బస్సుల పోతున్న. మీరే ఆపిండ్రు.”

జనం నవ్వారు. కానిస్టేబుల్ నవ్వలేదు. అనుమానం తీరక వంగి, టోపీ తీసి, చెక్కకు చెవి ఆనించాడు. “ఇప్పుడు కొట్టు,” అన్నాడు. అతను తీగ తర్వాత తీగ మీటాడు. కానిస్టేబుల్ మొఖంలో మార్పు కనిపించింది. చిన్నప్పుడు రైలు పట్టాకు చెవిపెట్టి విన్నవాళ్ల మొఖం అలా ఉంటుంది. తలెత్తి, దగ్గరగా ఉన్న నన్ను పిలిచాడు.

“ఓ పెద్దమనిషీ, ఇటు రా. నాకొక్కనికే వినస్తున్నదా, నీకూ వినస్తదా సూడు.”

నేనూ చెవి ఆనించాను. లావు తీగ నుంచి సన్న తీగ దాకా నాలుగూ ఒక్కొక్కటే పలికాయి. గోడ అవతలి గదిలో ఎవరో పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నట్టు ఉంది. నాలుగింటిదీ ఒకే గట్టితనం. లావుది కాస్త నిండుగా ఉందనిపించింది కూడా. వినపడుతోందని సాక్ష్యం చెప్పి నా సంచీ నేను తీసుకున్నాను. అప్పుడు ఆ సంగతికి నేను పెద్ద విలువ ఇవ్వలేదు.

పోలీసులు పొమ్మన్నారు. బస్సు మాత్రం కదలనంది.

“సెల్ఫ్ పోయింది. దిగి నూకుండ్రి,” అన్నాడు కండక్టర్ హనుమంతు. నూకాం. అది ఎత్తు ఎక్కే చోట ఆగి ఉంది. మేమే జారాం. చివరికి హనుమంతు టవలుతో మెడ తుడుచుకుని, “ఎనుక బస్సు వచ్చేదాక గింతే. రెండు గంటలు పట్టొచ్చు. నీడ సూస్కొని కూసోండ్రి,” అన్నాడు. ఆకుల్లేని అడవిలో నీడ ఎక్కడుంది?

గిటార్ మనిషి హనుమంతు చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, నాలుగు గంటలకు మంచిర్యాలల లేకుంటె నా పని ఖతమే.”

“పెండ్లా?”

“పెండ్లే.”

“నీదా?”

“నాదెందుకైతది? పెండ్లిల వాయించాలె.”

“గంతేనా! నీ పెండ్లయితె నడిచి పొమ్మందును,” అని హనుమంతు బానెట్ కిందికి తల పెట్టాడు.

రోడ్డు పక్కన మోరీ గోడ మీద అప్పటికే ఒక ముసలమ్మ దుకాణం పెట్టుకున్నట్టు కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. బస్సు ఆగినా బీడీలు చుట్టే ఆమె చెయ్యి ఆగలేదు. ఆకు కత్తిరించడం, నింపడం, చుట్టడం, కొస మడవడం, అన్నీ చూడకుండానే చేస్తోంది. బాలవ్వ అట, ఖానాపూర్‌లో ఎక్కింది, మంచిర్యాలలో బిడ్డ దగ్గరికి పోతోంది. మేమిద్దరం ఆమె పక్కన చేరాం.

“వేలికేమైంది బిడ్డా?” అందామె, చాటలోంచి కళ్లెత్తకుండా.

“సోయి పోయిందవ్వా. సూదితోని గుచ్చినా తెల్వది.”

“ఏం రాస్తున్నవ్ మరి, గింత కంపు గొడుతున్నది?”

“నిర్మల్ల హకీం ఇచ్చిండు. ఇది ఏడో మందు.”

అలా మొదలై అతని కథ బయటికి వచ్చింది. తిన్నగా రాలేదు. మధ్యలో రెండుసార్లు లేచి రోడ్డు మలుపు దాకా పోయి బస్సు వస్తుందేమో చూసి వచ్చాడు. నేను ఇక్కడ వరసలో పెడుతున్నాను.

పేరు అంబదాస్. లక్సెట్టిపేట దగ్గర పల్లెలో సాలెవాళ్ల ఇల్లు. బాపు మగ్గం మీద కూర్చుంటే అవ్వ రాట్నం తిప్పి కండెలు చుట్టేది. ఐదేళ్లకే ఆ రాట్నం అంబదాస్ చేతికి వచ్చింది. నూలు బిగువు తప్పితే అవ్వ చూసేది కాదు, వినేది. రాట్నం చప్పుడు మారిందంటే వీపు మీద ఒకటి పడేది. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవల్లో బడులు మూతబడ్డాయి. మళ్లీ తెరిచినప్పుడు ఊళ్లో అందరూ పోయారు, అతను పోలేదు. అప్పటికే మంచిర్యాలలో ఇబ్రాహీం ఉస్తాద్ మోటార్ వైండింగ్ దుకాణంలో కుదురుకున్నాడు. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టలు చుట్టలుగా చుట్టి ఎక్కించే పని. నూలు పోయి రాగి వచ్చింది, అంతే తేడా. ఇబ్రాహీం స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం చెప్పేవాడట. “ముందు చెవి పెట్టు బేటా, చెయ్యి తర్వాత పెడుదువు,” అనేవాడట. శుక్రవారం దుకాణం మూసి బుల్‌బుల్ తార వాయించేవాడు. అంబదాస్‌కు పాటల పిచ్చి అక్కడ అంటుకుంది.

డెబ్బై తొమ్మిదిలో హుజూరాబాద్ వైపు దయాకర్‌రావు అనే ఆసామి ఒక ఆర్కెస్ట్రా పెట్టాడు. భూములున్నాయి. కొన్నాళ్లు బొంబాయిలో చదివి, చదువు వదిలేసి ఈ గిటార్ తెచ్చుకున్న మనిషి. పెండ్లిళ్లూ గణపతి పందిళ్లూ, బొగ్గుగనుల కాలనీలూ తిరిగే గుంపు అది. వాళ్ల జనరేటర్ మొరాయిస్తే బాగుచేయడానికి అంబదాస్ పోయాడు. సాయంత్రం దాకా పని పట్టింది. పని అయ్యాక వాళ్లు సాధన చేస్తుంటే కూర్చుని విన్నాడు. వారం తర్వాత పని లేకపోయినా పోయాడు. ఆరు నెలల్లో దయాకర్‌రావు బేస్ గిటార్ అతని చేతికి ఇచ్చి తను పాటకు మారాడు.

“పాట వినేటోనికి బేస్ వినరాదు సారూ,” అన్నాడు అంబదాస్ నాతో. “ఆగితె మాత్రం ఏందో పోయినట్టయితది. ఇల్లు కట్టినంక పునాది ఎవలకు గనపడ్తది? గంతే.”

పగలు మోటార్లు, సాయంత్రాలు పందిళ్లు. ఎనిమిదేళ్లు అలా సాగింది. పోయిన దసరాకు ముందు వార్నిష్ కాగుతున్న గిన్నెలో కుడి చూపుడువేలు పడింది. పుండు మానింది గాని కొసన స్పర్శ రాలేదు. ఆ నెలలోనే కచేరీల్లో లావు తీగ మూలగడం మొదలైంది. మిగతా మూడూ బాక్సులోంచి గట్టిగా వస్తాయి, లావుది వచ్చేసరికి మెట్టు విరిగినట్టు కిందికి పడిపోతుంది. సన్న తీగ మీదికి పోతే మీద పడి అరుస్తుంది. దయాకర్‌రావు ఒక చెవి తన పాట మీద, ఒక కన్ను అంబదాస్ వేలి మీద పెట్టేవాడు.

“ఆంప్లిఫయర్ మార్చిండు, వైరు మార్చిండు. ఇంక మార్చనిది నా వేలే గద. ‘అంబదాసూ, నీ వేల్ల బలం లేదురా, దెబ్బ పడ్తలేదు’ అన్నడు. నాకూ గదే అనిపిస్తది. తీగ తాకుతుందో లేదో నాకే తెల్వనప్పుడు ఎవలతోని కొట్లాడాలె?”

“గట్టిగ గుంజకపోయినవా?” అంది బాలవ్వ.

“గుంజిన. గుంజితె సన్నవి గూడ గట్టిగొస్తయి. తేడా తేడానే ఉంటది.”

హకీం కంటే ముందు ఆరు మందులయ్యాయి: సర్కారు దవాఖాన మలాము, పసుపు, కలబంద, కరీంనగర్‌లో కరెంటు పెట్టించుకోవడం, ఒక సాధువు భస్మం, భార్య దేవకి కట్టించిన తాయెత్తు. “గా వేలుకు వెట్టిన నూనెల సగం నెత్తికి వెట్టుకుంటె సోయన్న ఉండు,” అంటుందట దేవకి. నిన్న నిర్మల్‌లో గృహప్రవేశం కచేరీలో కూడా లావు తీగ మూలిగింది. మిగతావాళ్లు వ్యాన్‌లో మంచిర్యాల వెళుతూ అతన్ని హకీం దగ్గర దింపారు. దయాకర్‌రావు అన్న మాట ఇది: “వేలు సూపించుకొని, నాలుగింటికి రిహార్సల్‌కు రా. హుజూరాబాద్ నుంచి జలపతిరావును పిలిచిన. నీ సప్పుడు సక్కగ రాకుంటె ఇయ్యాల్టి నుంచి ఆయన వాయిస్తడు. నువ్వు నీ మోటార్లు సూస్కో.”

మోటార్లు చూసుకోవడం చిన్నతనమేమీ కాదని నేను అనబోయాను. అతని మొఖం చూసి అనలేదు. ఎనిమిదేళ్లుగా ఇంటికి పునాది అనుకున్న మనిషిని నువ్వు ఇటుక కూడా కాదు పొమ్మంటే, ఇంకో ఇల్లు ఉందని చెప్పి ఏం లాభం?

నాకు ఒక దురలవాటుంది. ఎవరైనా కథ చెబితే కథలో అతుకు పడని చోట గోకుతాను. కానిస్టేబుల్ పిలిచినప్పటి సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

“తమ్మీ, నీ వేలిదే తప్పయితే చెక్కకు చెవిపెట్టి విన్నప్పుడు కూడా లావుది తక్కువ వినపడాలి కదా? నాకు నాలుగూ సమంగా వినపడ్డాయి. అదే వేలు, అదే దెబ్బ.”

అతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. దొంగసొత్తు ఉన్న పెట్టె మీద ఎవరో చెయ్యి వేసినట్టు ఉలిక్కిపడ్డాడు.

“నీకేమెరుక సారూ? ఒక్కపారి చెవి పెట్టంగనే ఉస్తాద్ వైతవా? ఆంప్లిఫయర్ల పెట్టి ఇన్నవా నువ్వు?” అని లేచి, గిటార్ గోడ మీద వదిలేసి, మళ్లీ మలుపు వైపు నడిచాడు. ఈసారి బస్సు కోసం కాదని తెలుస్తూనే ఉంది. టేకు చెట్ల మధ్య అటూ ఇటూ తిరిగాడు. ఎండుటాకుల చప్పుడు మాకు వినపడుతోంది.

“ఎందుకయ్యా ముసలోడా, బాధల ఉన్నోన్ని గెల్కుతవ్?” అంది బాలవ్వ.

ఆమె ఆకు సర్దుకోవడానికి చోటు చాలక కత్తెరను గిటార్ మీద పెట్టింది. ఆమెకు అదొక బల్ల. కాసేపటికి తీసుకోబోతే కత్తెర రాలేదు. మొన తీగల సందులోంచి జారి, కింద ఉన్న నల్లటి దిమ్మకు అతుక్కుంది.

“ఓ కొడుకో! ఇటు రా! నీ గిటార్ నా కత్తెర గుంజుకున్నది. దీంట్ల ఏమున్నదిరా, దెయ్యమా?”

అంబదాస్ పరుగున వచ్చాడు. కత్తెర పీకాడు. మళ్లీ పెట్టాడు. టప్పున అతుక్కుంది. ఆ నల్ల దిమ్మనే పికప్ అంటారు. తీగల చప్పుడును పట్టి వైరులోకి పంపేది అదే. ఎనిమిదేళ్లు ఆ గిటార్ వాయించినా అతను దాన్ని ఒక్కసారి విప్పలేదు. దాని మరలు ముట్టనని దయాకర్‌రావుకు మొదటిరోజే మాట ఇచ్చాడు. ఇప్పుడు ఆ మాట గుర్తు లేదు. తీగలు వదులు చేసి, బాలవ్వ కత్తెర మొనతోనే మరలు తిప్పి దిమ్మను పైకి లేపాడు. కింద, అంచు చుట్టూ, వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంది.

“అరే,” అన్నాడు. “అరే! గిది వైండింగే!”

అతని మొఖంలోకి నెత్తురు రావడం, మరుక్షణం పోవడం రెండూ చూశాను. బాలవ్వ సున్నపు డబ్బీ అడిగి తీసుకుని దిమ్మకు ఆనించాడు. ఇత్తడిది, అతుక్కోలేదు. నా సంచీకున్న పిన్నీసు పెట్టాడు. అతుక్కుంది.

“డైనమో లెక్క, సారూ. అయస్కాంతం మీద ఇనుము ఊగాలె. గది ఊగితె కింద రాగి చుట్టల కరెంటు పుడ్తది. తీగలకెల్లి కరెంటు పోదు. తీగ ఊగుడే, గంతే.” పిన్నీసు పీకి నా చేతిలో పెట్టాడు. “నేను రాగి తెచ్చి పైన కట్టిన.”

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు, లావు తీగను బొటనవేలితో కప్పి పెట్టుకుని.

దసరా ముందు గోదావరిఖనిలో కచేరీ చివర, బొంబాయి నుంచి తెప్పించిన లావు తీగ మొదట్లో పుటుక్కున తెగింది. ఆ బొంబాయి తీగలంటే దయాకర్‌రావుకు ప్రాణం. తీగ తెగిందంటే చెయ్యి మొరటైందంటాడని భయం. ఎవరికీ చెప్పలేదు. ఉక్కు తీగ ఒకటి సంపాదించి, దాని చుట్టూ మోటారు రాగి తీగను సందు లేకుండా చుట్టాడు. అసలుదాని మీద ఇనుప చుట్టు ఉండేది. రాగి అయితే ఇంకా మేలనుకున్నాడు. కరెంటు రాగిలో నడిచినంత సాఫీగా మరెందులో నడుస్తుంది? పద్దెనిమిదేళ్లుగా తిండి పెడుతున్నది ఆ సంగతే. ఎర్రగా కనపడకుండా రాగికి కరిగించిన తగరం పూశాడు. తీగ కొసలకు తగరం పూయడం రోజూ చేసే పనే కాబట్టి అదెంత నున్నగా కుదిరిందంటే, తెచ్చిన దయాకర్‌రావే గుర్తుపట్టలేదు. ఇంట్లో ఆంప్లిఫయర్ లేదు. చేత్తో మీటి, చెక్కకు చెవి పెట్టి చూసుకుంటే అసలుదాని కంటే తియ్యగా మోగింది. ఇక తీగ మీద అనుమానం ఎందుకు వస్తుంది? వచ్చినా పైకి ఎలా అంటాడు? అందరూ వేలు వేలు అన్నారు. వేలు అప్పుడే కాలి సిద్ధంగా ఉంది.

“ఆర్నెల్లు, సారూ,” అన్నాడు. “ఆర్నెల్ల నుంచి గీ వేలును నా ఒంటికి అతికిన కట్టెపుల్ల లెక్క సూస్తున్న.”

మనుషులు తమ ఒంటిని ఎంత తేలిగ్గా దోషిని చేస్తారో నేను చాలా ఊళ్లలో చూశాను. కళ్లద్దాలు మసిబారితే చూపు పోయిందని ఏడ్చినవాడు ఒకడు తెలుసు. ఆ కథ ఇక్కడ చెప్పను. చెప్పబోతే అంబదాస్ వినేలా లేడు. అప్పటికే పనిలో పడ్డాడు.

కొత్త తీగ దొరకదు, సమయం లేదు. ఉన్నదాంతోనే ఏదో చెయ్యాలి. ఇనుము తక్కువున్న తీగకు అయస్కాంతాన్ని దగ్గర చేస్తే సరి. దిమ్మకు అటొక మర, ఇటొక మర ఉన్నాయి. లావు తీగ వైపు దిమ్మను పైకి లేపి, సన్న తీగ వైపు కిందికి దించాలి. ఎంత? వినడానికి అడవిలో కరెంటు లేదు. కొలత కోసం అటూ ఇటూ చూసి బాలవ్వ చాటలో చెయ్యి పెట్టాడు. సన్న తీగ కింద రెండు బీడీలు పక్కపక్కన దూరేంత సందు, లావు తీగ కింద మడిచిన తునికాకు మందం. దిమ్మ అడుగున దన్నుకు బీడీల కట్టకు చుట్టే కాగితం మడిచి పెట్టాడు.

“నా బీడీలు నలిగితె షావుకారి తీస్కోడు,” అంది బాలవ్వ.

“నలుగకుంట కొలుస్త అవ్వా.”

“కొలువు, కొలువు. నీ నూనె కంపు అంటితె తాగినోడు సస్తడు.”

ఒంటిగంట దాటాక వెనక బస్సు వచ్చింది. నిలబడే చోటు కూడా లేదు. అయినా హనుమంతు అందరినీ కుక్కాడు. మంచిర్యాలలో దిగేసరికి నాలుగుకు పది నిమిషాలు తక్కువ. బాలవ్వ చాట నెత్తిన పెట్టుకుని, “వేలు పైలం కొడుకా,” అని ఎటో వెళ్లిపోయింది. నా రైలుకు మూడు గంటలుంది. రమ్మని అతను అనలేదు. నేనే వెంట నడిచాను.

స్టేషన్‌కు ఈవల ఒక పెండ్లి మండపం. వేదిక మీద బాక్సులూ డప్పులూ సర్దుతున్నారు. దయాకర్‌రావు నలభై దాటిన మనిషి, తెల్ల లుంగీ, మెడలో మఫ్లర్. గొంతు కోసం అట. చెడ్డవాడిలా లేడు. తొందరలో ఉన్నాడు. పక్కన కుర్చీలో జలపతిరావు తన గిటార్‌తో కూర్చుని ఉన్నాడు. దానికి మంచి తోలు సంచీ ఉంది.

“హకీం ఏమన్నడు?”

“నూనె ఇచ్చిండు.”

“నీ నూనె ఆడ పెట్టు, ముందు సప్పుడు ఇనిపించు.”

వైరు పెట్టాడు. లావు తీగ మీటాడు. మండపం రేకులు అదిరాయి. రెండోది, మూడోది, సన్నది. నాలుగూ ఇంచుమించు సమానం. దయాకర్‌రావు మఫ్లర్ సడలించాడు. నాకు నా తెలివి మీద గర్వం కూడా వచ్చింది, దాచడమెందుకు? తర్వాత ఒక పాట మొత్తం వాయించమన్నారు. పాట సగంలో జలపతిరావు తల పక్కకు వంచాడు.

“లావు తీగల ఏందో వణుకున్నది దయాకరన్నా. ఒక సప్పుడుల రెండు ఊగుతున్నయి.”

నిజమే. అయస్కాంతం మరీ దగ్గరైతే తీగను తన వైపు గుంజుకుంటుంది, తీగ తిన్నగా ఊగలేదు. ఆ సంగతి అంబదాస్‌కు అప్పుడే అర్థమైందని నాకు కనిపించింది. మర కాస్త దించితే వణుకు పోతుంది, చప్పుడూ పోతుంది.

దయాకర్‌రావు నిట్టూర్చాడు. “బలమొచ్చింది గని వణుకొచ్చిందన్నట్టు. అంబదాసూ, కోపం జేసుకోకు. వేలు వణికితె నేనేం జెయ్యాల్రా? ఇయ్యాల్టికి జలపతిని కానియ్యి.”

“వేలు గాదు.”

“మరేంది?”

“వేలు గాదు సార్!”

అతను అరిచాడు. డప్పులవాళ్లు ఆగిపోయారు. అంబదాస్ జేబులోంచి బ్లేడు తీసి లావు తీగ మీద గీశాడు. పిల్లి గోళ్ల చప్పుడు బాక్సుల్లోంచి మండపమంతా మోగింది. తెల్లటి పూత కింద ఎర్రటి రాగి బయటపడింది.

“గిది నేను చుట్టిన తీగ. మీది దసరాకు తెగింది. మీకు చెప్పలే. రాగి చుట్టిన, తగరం పూసిన. దీనికి ఇనుము గావాలె, నాకు తెల్వలే.”

దయాకర్‌రావు వంగి చూశాడు. గోటితో తడిమాడు.

“ఆర్నెల్ల నుంచి నా గిటార్‌కు మోటార్ తీగ కట్టి వాయిస్తున్నవ్.”

“ఔ.”

“నేను వేలు వేలు అని తిట్టినప్పుడన్న చెప్పకపోయినవా?”

“నేనూ వేలే అనుకున్న సార్. మీరందరు అన్నరు.”

దయాకర్‌రావుకు కోపం వచ్చింది. అది ఎటు పోవాలో తెలియక మఫ్లర్ మీదికి పోయింది. దాన్ని లాగి కుర్చీ మీద పడేశాడు. తర్వాత జలపతిరావు వైపు తిరిగాడు.

“నీ గిటార్ ఒక్కపారి వానికియ్యి.”

“నాదా?”

“నీదే. తింటడా ఏంది? ఇయ్యి.”

జలపతిరావు ఇచ్చాడు, సొంత పిల్లను పక్కింటివాళ్ల చేతికి ఇచ్చినట్టు. దాని మీద నాలుగూ దుకాణంలో కొన్న తీగలే. అంబదాస్ మెడకు తగిలించుకున్నాడు. వైరు పెట్టుకున్నాడు. చూపుడువేలు చొక్కాకు తుడుచుకున్నాడు. నూనె మరక పడింది. కళ్లు మూసుకుని లావు తీగ నుంచి మొదలుపెట్టాడు.

నాకు సంగీతం పెద్దగా తెలియదు. సమంగా అన్నం వడ్డించినట్టు నాలుగు తీగలూ పలకడం మాత్రం తెలిసింది. పైకి పోయాడు, కిందికి వచ్చాడు, వేగం పెంచాడు. ఎక్కడా మెట్టు విరగలేదు. వాయిస్తూ వాయిస్తూ ఒక్కసారి కళ్లు తెరిచి తన వేలిని చూసుకున్నాడు. స్పర్శ ఇప్పటికీ లేదు. వేలికి అది అవసరం లేకపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డప్పులవాడొకడు, “ఏడు మందులు మింగిందన్నా గా వేలు, పాపం,” అన్నాడు. జలపతిరావే ముందు నవ్వాడు.

దయాకర్‌రావు గొంతు సవరించుకున్నాడు. “ఆరింటికి మొదలు. నువ్వే వాయించాలె. జలపతీ, ఏమనుకోకు.”

“నేనేమనుకుంట? నా గిటార్ నాకిస్తె సాలు.”

“ఇయ్యాల్టికి వాన్ని దీంతోనే వాయించనియ్యి. రేపు బొంబాయికి తీగలకు రాస్త,” అన్నాడు దయాకర్‌రావు. ఆ మాటలో క్షమాపణ ఉందో లేదో నేను చెప్పలేను. అలాంటివాళ్లు క్షమాపణను ఏర్పాటు రూపంలోనే చెబుతారు.

అంబదాస్ వైరు పీకేశాడు. జలపతిరావు గిటార్ తీసి అతని ఒళ్లో పెట్టాడు. వేదిక అంచున కూర్చుని తన గిటార్ లావు తీగను మెల్లగా వదులు చేశాడు, విప్పాడు, నాలుగువేళ్ల చుట్టూ కండె చుట్టినట్టు చుట్టి జేబులో వేసుకున్నాడు. దిమ్మ అడుగునున్న బీడీల కాగితం కూడా తీసేశాడు. గోడ గడియారం చూశాడు. నాలుగున్నర.

నేను చాయ్ చెప్పడానికి పక్కకు పోయాను. రెండు కప్పులు పట్టుకుని వచ్చేసరికి వేదిక మీద గిటార్ మూడు తీగలతో ఉంది. కుర్చీ మీద హకీం నూనె సీసా ఉంది, మూత కూడా పెట్టలేదు. దయాకర్‌రావు గుమ్మం దగ్గర నిలబడి, “ఏడికిరా? ఓ అంబదాసూ, ఏడికి?” అంటున్నాడు.

నేను బయటికి వచ్చి చూశాను. పట్టాలు దాటి అవతలికి చేరాడు. వచ్చేటప్పుడు నాకు చూపించిన, ఇబ్రాహీం దుకాణం ఉన్న సందు వైపు, పరుగు కాని పరుగులాంటి నడకతో పోతున్నాడు. దారిలో ఇనుప సామాను కొట్టు ముందు ఒక్క క్షణం ఆగి, వేలాడుతున్న సన్నటి ఇనుప తీగ చుట్టను ఆ చూపుడువేలితోనే మీటి చూశాడు. నేను పిలిచాను. చాయ్ కప్పు ఎత్తి చూపించాను కూడా. అతను కొట్టువాడి చేతిలో డబ్బులు పెట్టి, తీగ చుట్ట భుజానికి తగిలించుకుని సందులోకి తిరిగాడు.